కారు బ్యాటరీ టెర్మినల్ విరిగిందా? ఇంట్లో చేసుకోదగిన మరమ్మతు ఎంతవరకు?

తాళం తిప్పితే ఇంజన్ ఒకసారి మూలిగి ఆగిపోతుంది. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ మీద తెల్లగా, నీలిపచ్చగా పొడి పేరుకుని ఉంటుంది. కేబుల్‌ను కాస్త కదిపితే క్లాంపు చేతిలోకే ఊడి వస్తుంది. కొత్త బ్యాటరీ అంటే వేల రూపాయల మాట. ఒకరు "సందులో ఒక మేకు దిగ్గొట్టండి, నడుస్తుంది" అంటారు. మరొకరు "ఇంట్లోనే సీసం కరిగించి కొత్త టెర్మినల్ పోసుకోవచ్చు" అని ఫోనులో వీడియో చూపిస్తారు. ఏ మాట వినాలి?

దీనికి జవాబు చెప్పడం కష్టమేమీ కాదు. నిప్పు అవసరం లేని మరమ్మతులు చాలావరకు ఇంట్లో, కొద్ది ఖర్చుతో, భద్రంగా చేసుకోవచ్చు. సీసాన్ని కరిగించాల్సి వచ్చిందంటే అది ఇంటి పని కాదు. గీత సరిగ్గా అక్కడే ఎందుకు గీయాలో తెలియాలంటే బ్యాటరీ నిర్మాణం, దానిలో ప్రవహించే కరెంటు, సీసం మన ఒంట్లో చేసే పని, ఈ మూడూ కొంచెం తెలియాలి.

గుజరాత్‌లోని సూరత్ లాంటి నగరంలో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి తరలివెళ్లిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక బడులు నడిపేంతగా అక్కడ మనవాళ్లు ఉన్నారు. గుడ్డ బేళ్లు మోసే చిన్న వ్యాన్ల మీదో, కిరాయి కార్ల మీదో బతికే ఇళ్లకు బండి ఒక పూట ఆగితే ఆ పూట సంపాదన పోయినట్టే. అలాంటి ఇళ్లలో చాలావాటికి ఒకటి రెండు గదులే ఉంటాయి. వంట, పడక, పిల్లల ఆటలు అన్నీ అక్కడే. మరమ్మతు కూడా ఆ గుమ్మం ముందే జరుగుతుంది. పైగా తపతీ నది ఒడ్డున, అరేబియా సముద్రానికి దగ్గరలో ఉన్న ఊరు కాబట్టి వానాకాలపు తేమ, వేసవి వేడి రెండూ బ్యాటరీని పరీక్షిస్తూనే ఉంటాయి.

ఒకే పేరు, రెండు వస్తువులు

"టెర్మినల్ విరిగింది" అనే మాటకు మన వాడుకలో రెండు అర్థాలున్నాయి. విడిభాగాల దుకాణంలో టెర్మినల్ అడిగితే కేబుల్ చివర ఉండే లోహపు పట్టీ ఇస్తారు. అది క్లాంపు. బ్యాటరీ మూత మీద పొడుచుకు వచ్చిన సీసపు దిమ్మను కూడా టెర్మినల్ అనే అంటాం. అది పోస్టు. క్లాంపు విరిగితే పోయేది ఒక చిన్న విడిభాగం. పోస్టు విరిగితే దెబ్బతిన్నది బ్యాటరీయే. అందుచేత ఖర్చు పెట్టే ముందు ఏది విరిగిందో తేల్చుకోవాలి.

సీసం–ఆమ్లం బ్యాటరీని ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. పలకలకు సీసం ఆక్సైడు ముద్దను పూసే పద్ధతిని 1881లో కమీల్ ఫోర్ తెచ్చాక అది కర్మాగారాల్లో పెద్ద ఎత్తున చేయడానికి వీలైన వస్తువైంది. ఈనాటి కారు బ్యాటరీ మూలసూత్రం కూడా అదే. పెట్టెలో ఆరు గదులుంటాయి. ఒక్కో గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరూ వరుసగా కలిస్తే నిండుగా చార్జయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. ప్రతి గదిలోనూ సీసపు పలకలు, వాటి మధ్య పల్చని సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. చివరి గదుల్లోని పలకలన్నింటినీ కలిపే సీసపు పట్టీ నుంచే పోస్టు పైకి లేస్తుంది. మూతలో పోతపోసిన సీసపు ఉంగరం గుండా బయటికి వచ్చి, ఆ ఉంగరంతో అతికి ఉంటుంది. అంటే మనకు కనిపించే దిమ్మ ఒక చెట్టు మొదలు లాంటిది. దాని వేరు ఆమ్లంలో ఉంది.

పోస్టులు రెండూ ఒకే లావు ఉండవు. తలకిందులుగా తగిలించకుండా ఉండటానికి ధన (+) పోస్టును కాస్త లావుగా, రుణ (−) పోస్టును కాస్త సన్నగా చేస్తారు. ఇది కాక బ్యాటరీల్లోనే లావు పోస్టుల రకం, సన్న పోస్టుల రకం అని రెండున్నాయి. జపాన్ కొలతలను అనుసరించే చిన్న కార్ల బ్యాటరీల్లో సన్న పోస్టులు తరచుగా కనిపిస్తాయి. లావు పోస్టుకు చేసిన క్లాంపును సన్న పోస్టుకు బిగించాలని చూడటం క్లాంపులు విరగడానికి ఒక ముఖ్య కారణం.

విరగడం వెనుక కథ

సీసం మెత్తని లోహం. గోటితో గీస్తే గీత పడుతుంది. గట్టిదనం కోసం అందులో ఆంటిమొనీ వంటి లోహాలను కొద్దిగా కలుపుతారు. అయినా ఇనుముతో, ఇత్తడితో పోల్చదగిన బలం దానికి రాదు. ఎప్పుడూ ఒత్తిడిలో ఉంచితే సీసం మెల్లమెల్లగా జారుతుంది, ఆకారం మారుతుంది. గట్టిగా బిగించిన క్లాంపు కొన్ని నెలలకు తనంతట తానే వదులు కావడానికి ఒక కారణం ఇదే. వదులైంది కదా అని ప్రతిసారీ మరింత బలంగా బిగిస్తూ పోతే ఒకనాడు క్లాంపు చీలుతుంది, లేదా పోస్టు మెడ దగ్గర పగులుతుంది.

రెండో కారణం కుదుపు. బ్యాటరీని అడుగున పట్టి ఉంచే బిగింపు పట్టీ ఊడిపోతే గతుకుల రోడ్డులో పది, పదిహేను కిలోల పెట్టె ఎగిరెగిరి పడుతుంది. దాని బరువంతా కేబుళ్ల ద్వారా పోస్టుల మీద పడుతుంది. మూడోది మన చేతి దురుసు. బిగుసుకున్న క్లాంపును సుత్తితో కొట్టడం, స్క్రూడ్రైవరుతో పెకలించడం, అటూ ఇటూ మెలితిప్పడం వల్ల పైన ఏమీ కాకపోయినా మూత కింద అతుకు విడిపోవచ్చు.

నాలుగోది చిలుము. ఇత్తడి బిందెకు పట్టే చిలుము గాలిలోని తేమ పని. బ్యాటరీ చిలుము ఆమ్లం పని. చార్జింగ్ సమయంలో బయటికి వచ్చే సన్నని ఆమ్లపు తుంపరలు, పోస్టు చుట్టూ ఉన్న సందుల్లోంచి పైకి పాకే ఆమ్లం లోహాలను తాకుతాయి. సీసంతో కలిస్తే తెల్లని సీసం సల్ఫేటు, క్లాంపులోని రాగితో గాలి సమక్షంలో కలిస్తే నీలి రంగు రాగి సల్ఫేటు ఏర్పడతాయి. పోస్టు ఆకుపచ్చ, నీలం పొడితో కనిపిస్తే తినబడుతున్నది ముఖ్యంగా క్లాంపు, కేబుల్ చివరి రాగి తీగలు అని అర్థం. వేడి పెరిగేకొద్దీ ఇటువంటి చర్యలన్నీ వేగం పుంజుకుంటాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని సాంకేతిక నిపుణులు ఒక మోటు లెక్క చెబుతారు.

ఒక చిన్న పొర, 225 వాట్ల వేడి

"లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, మరి బండి ఎందుకు స్టార్ట్ కాదు?" అనేది చాలామంది సందేహం. లైట్లకు కొన్ని ఆంపియర్ల కరెంటు చాలు. చిన్న కారు స్టార్టర్ మోటారుకు ఆ కొద్ది క్షణాలు 150 ఆంపియర్ల వరకు కావాలి. పోస్టుకూ క్లాంపుకూ మధ్య ఉన్న సల్ఫేటు పొర నిరోధం ఒక ఓమ్‌లో నూరో వంతే అనుకుందాం. 150 ఆంపియర్లు దాని గుండా వెళ్తే 1.5 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే 225 వాట్లు. రేడియోలు బాగుచేసేవారు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అలాంటివి తొమ్మిది ఒకేసారి ఆ దిమ్మకు ఆనించినంత వేడి అన్నమాట. వదులు క్లాంపు దగ్గర పోస్టు కరిగి గుంట పడటం మెకానిక్‌లకు కొత్త కాదు. అది ఈ వేడి ఫలితమే.

సందులో మేకు దిగ్గొట్టే చిట్కా ఎందుకు పనికిరాదో కూడా ఈ లెక్కే చెబుతుంది. మేకు క్లాంపును బిగుతుగా పట్టినట్టు కనిపిస్తుంది. కానీ గుండ్రని పోస్టుకు చుట్టూ ఆనవలసిన లోహం రెండు మూడు చోట్లే ఆనుతుంది. కరెంటంతా ఆ రెండు మూడు చుక్కల గుండా పోవాలి. పైగా మేకు మెత్తని సీసాన్ని చీలుస్తుంది. ఎపాక్సీ ముద్దతో అతికించడం ఇంకా వ్యర్థం. అది విద్యుత్తును పోనివ్వదు.

ముందు పరీక్ష, తర్వాతే మరమ్మతు

లోపం ఎక్కడుందో తేల్చడానికి మూడు పరీక్షలు చాలు.

మొదటిది కంటి పరీక్ష. క్లాంపులో చీలిక, బోల్టు తుప్పు, కేబుల్ చివర తెగిన తీగలు, పోస్టు మీద గుంటలు ఉన్నాయేమో చూడాలి. పోస్టు చుట్టూ మూత తడిగా ఉంటే ఆమ్లం పైకి వస్తోందని అనుమానించాలి.

రెండోది చేతి పరీక్ష. క్లాంపు తీసేశాక, చేతికి తొడుగు వేసుకుని పోస్టును వేళ్లతో మెల్లగా కదపాలి. మూతతో పాటు కొండలా నిలబడితే మంచిదే. మూతలో కొంచెమైనా తిరిగినా, ఊగినా లోపలి అతుకు పోయినట్టే. ఆ బ్యాటరీకి ఇక మరమ్మతు ఆలోచన మానుకోవాలి.

మూడోది మల్టీమీటర్ పరీక్ష. మీటరు ఒక కొనను పోస్టు నడి తల మీద, రెండో కొనను అదే పోస్టుకు బిగించిన క్లాంపు మీద ఆనించి, మరొకరిని తాళం తిప్పమనాలి. ఆ క్షణంలో 0.2 వోల్టులకు మించి చూపిస్తే లోపం ఆ అతుకు దగ్గరే ఉంది. అక్కడ తేడా లేకుండా, బ్యాటరీ మొత్తం వోల్టేజి 12.6 నుంచి ఒక్కసారిగా దాదాపు సున్నాకు పడిపోతే లోపల ఎక్కడో అతుకు తెగింది. అటువంటప్పుడు మళ్లీ మళ్లీ తాళం తిప్పకూడదు. తెగిన చోట రేగే నిప్పురవ్వ పెట్టె లోపలే రేగుతుంది. అక్కడ ఉండేది హైడ్రోజన్.

ఇంటి పని ఇది

పోస్టు గట్టిగా ఉండి, లోపం క్లాంపులోనో చిలుములోనో ఉంటే మరమ్మతు అరగంట పని. కావలసినవి: సరైన కొలత స్పానర్, వైర్ బ్రష్ లేదా గరుకు కాగితం, వంట సోడా, పాత గుడ్డ, పెట్రోలియం జెల్లీ, కళ్లజోడు, రబ్బరు చేతితొడుగులు.

బండి ఆపి, తాళం తీసి, ఆరుబయట చేయాలి. దగ్గర్లో బీడీ, సిగరెట్, పొయ్యి, అగరుబత్తి ఉండకూడదు. చేతి ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టాలి. ముందుగా రుణ (−) కేబుల్ విప్పాలి. కారు శరీరమంతా రుణ కేబుల్‌కు కలిసి ఉంటుంది. ధన బోల్టు ముందు విప్పేటప్పుడు స్పానర్ పొరపాటున కారు రేకుకు తగిలితే వందల ఆంపియర్లు ఆ స్పానర్ గుండా దూకుతాయి. రుణ కేబుల్ ముందే తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. తిరిగి బిగించేటప్పుడు ధన (+) ముందు, రుణ (−) చివర.

క్లాంపు రాకపోతే కొట్టకూడదు. బోల్టును బాగా వదులు చేసి, క్లాంపు నోటిని స్క్రూడ్రైవరుతో కొద్దిగా తెరిచి, నేరుగా పైకి తీయాలి. అప్పటికీ రాకపోతే క్లాంపు లాగే చిన్న పుల్లర్ వాడాలి.

ఒక గ్లాసు నీళ్లలో రెండు చెంచాల వంట సోడా కలిపి చిలుము మీద పోస్తే బుసబుసా నురుగు వస్తుంది. సోడా ఆమ్లంతో కలిసి సోడియం సల్ఫేటు, నీరు, కార్బన్ డయాక్సైడుగా మారుతోందన్న మాట. నురుగు ఆగేదాకా ఇలా చేసి మంచినీళ్లతో తుడవాలి. మూతకు నీళ్లు పోసే బిరడాలు ఉంటే అవి గట్టిగా బిగించి ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. సోడా నీరు లోపలికి దిగితే అక్కడి ఆమ్లం కూడా చచ్చిపోతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

తుడిచాక పోస్టును, క్లాంపు లోపలి వైపును తడిగా ఉండగానే మెరిసేదాకా రుద్దాలి. గాలి తగిలిన సీసం మీద బూడిదరంగు ఆక్సైడు పొర ఏర్పడుతుంది. అది విద్యుత్తుకు అడ్డు. తడిగా రుద్దమనడం ఎందుకంటే రాలే పొడిలో సీసం ఉంటుంది. ఆ పొడి గాలిలో లేవకూడదు. తుడిచిన గుడ్డను, నీటిని పిల్లలు తిరిగే చోట, మొక్కల పాదుల్లో వేయకూడదు. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తినాలి, తాగాలి.

క్లాంపు విరిగితే అదే లావు పోస్టుకు సరిపోయే కొత్తది కొనాలి. ధన, రుణ క్లాంపులు వేరువేరని గుర్తుంచుకోవాలి. తెగిన తీగలను శుభ్రమైన రాగి కనిపించేదాకా కత్తిరించి, కొత్త క్లాంపు పళ్ల కింద మొత్తం తీగలు పడేలా బిగించాలి. కొన్ని కార్లలో ధన క్లాంపు మీదే ఫ్యూజుల పెట్టె ఉంటుంది. ఇంజన్‌ను తనంతట తాను ఆపి స్టార్ట్ చేసే కొత్త కార్లలో రుణ క్లాంపు మీద బ్యాటరీ సెన్సర్ ఉండవచ్చు. వాటిని దుకాణంలో దొరికే మామూలు క్లాంపుతో మార్చకూడదు. అది సర్వీసు కేంద్రానికి వదిలేయాల్సిన పని.

పోస్టు అరిగి సన్నబడితే మేకుకు బదులు సీసపు తొడుగు వాడాలి. పోస్టు మీద టోపీలా కూర్చునే ఈ తొడుగులు విడిభాగాల దుకాణాల్లో చవకగా దొరుకుతాయి. పోస్టు చుట్టూ అన్ని వైపులా ఆనడం వల్ల కరెంటుకు దారి వెడల్పవుతుంది. అది కూడా సీసమే కాబట్టి రెండు వేరు లోహాలు కలిసిన చోట వచ్చే తినుడు సమస్య కూడా తక్కువ. క్లాంపును చేతితో తిప్పితే తిరగనంత బిగువు చాలు. చివరగా పైన పల్చగా పెట్రోలియం జెల్లీ రాస్తే తేమ, ఆమ్లం లోహాన్ని తాకవు. జెల్లీని బిగించాకే రాయాలి, ముందు కాదు.

పోస్టు విరిగితే మాటు వేయవచ్చా?

చిల్లు పడ్డ బిందెకు మాటు వేయించుకున్న అలవాటు మనది. విరిగిన పోస్టుకు కూడా మాటు వేస్తే సరిపోతుంది కదా అనిపించడం సహజం. దీనికి మూడు దారులు ప్రచారంలో ఉన్నాయి.

ఒకటి, సోల్డరింగ్. ఇది సాధారణంగా పట్టదు. సోల్డరు సుమారు 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెట్టినా, వేళ్లంత లావు సీసపు దిమ్మ వేడిని లోపలికి లాగేసుకుంటుంది. పైన మెరిసే బొట్టు నిలుస్తుంది తప్ప లోపల అతుకు ఉండదు. మొదటి స్టార్టుకే ఊడిపోతుంది.

రెండు, మిగిలిన మొండెంలో రంధ్రం చేసి బోల్టు దిగవేయడం. దారిలో చిక్కుకున్నవారిని ఇంటికి చేర్చడానికి కొందరు మెకానిక్‌లు ఇలా చేస్తారు. బోల్టు మరల పట్టు మేరకే కరెంటు పోతుంది కాబట్టి ఇది శాశ్వతం కాదు. రంధ్రం కొంచెం లోతుగా దిగితే ఆమ్లానికి దారి తెరుచుకుంటుంది. అంతకంటే ముఖ్యం, విద్యుత్ డ్రిల్లు మోటారులో ఎప్పుడూ చిన్న నిప్పురవ్వలు రేగుతుంటాయి. బ్యాటరీ చార్జవుతున్నప్పుడు, అయిన తర్వాత కొంతసేపు హైడ్రోజన్ బయటికి వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, మండగలదు. అది అంటుకోవడానికి కావలసిన శక్తి అతి స్వల్పం. మనకు కనిపించని రవ్వ కూడా చాలు. పేలితే ఎగిసేది ప్లాస్టిక్ ముక్కలు మాత్రమే కాదు, ఆమ్లం కూడా. ఆమ్లం కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో కనీసం 15 నిమిషాలు ధారగా కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. కంట్లో సోడా నీళ్లు పోయకూడదు.

మూడు, సీసం పోత. మొండెం చుట్టూ ఇనుప అచ్చు పెట్టి, గ్యాసు మంటతోనో కార్బన్ కడ్డీతోనో మొండెం తలను కరిగించి, కొత్త సీసం కలిపి దిమ్మను తిరిగి పోయడం. సాంకేతికంగా సరైన మరమ్మతు ఇదే. బ్యాటరీ దుకాణాల్లో అనుభవం ఉన్న పనివారు దీన్ని చేస్తారు. పాత, కొత్త సీసం ఒకే ముద్దగా కలిసిపోతాయి కాబట్టి నిరోధం పెరగదు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. వంటింటి గ్యాసు పొయ్యి మీద కూడా అది సాధ్యమే. ప్రమాదమంతా ఆ సులువులోనే ఉంది.

యాభై గ్రాముల లెక్క

ఒక పోస్టు సుమారు 1.8 సెంటీమీటర్ల లావు, 1.7 సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకుంటే అందులో సీసం యాభై గ్రాములకు కాస్త తక్కువ ఉంటుంది. రక్తంలో సీసాన్ని కొలిచే ప్రమాణం గ్రాము కాదు, మైక్రోగ్రాము, అంటే గ్రాములో పది లక్షో వంతు. ప్రతి డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు కనిపిస్తే ఆ సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పదిహేను కిలోల బరువున్న పిల్లవాడి ఒంట్లో రక్తం లీటరు పైచిలుకు. ఆ రక్తమంతటినీ ఈ హద్దుకు చేర్చడానికి 60 మైక్రోగ్రాముల లోపు సీసం సరిపోతుంది. యాభై గ్రాములంటే ఐదు కోట్ల మైక్రోగ్రాములు. తిన్న సీసమంతా రక్తంలోకి చేరదు, చేరినదంతా అక్కడే ఉండదు, నిజమే. అయినా ఎంత చిన్న పొడి ఎంత పెద్ద మాటో ఈ లెక్క చూపిస్తుంది.

సీసం కరిగించినప్పుడు మంట దగ్గర సన్నని పొగ లేస్తుంది. పైన తేలే బూడిదరంగు మడ్డి సీసం ఆక్సైడు. దాన్ని గరిటెతో తోసినప్పుడు కంటికి కనిపించని పొడి నేల మీద, బట్టల మీద, పాత్రల మీద పడుతుంది. పాకే పిల్లవాడి చేయి నేలకు, అక్కడి నుంచి నోటికి వెళ్తుంది. ఒకే మోతాదు నోట్లోకి పోయినా పెద్దవాళ్ల కంటే చిన్నపిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువ సీసాన్ని పీల్చుకుంటుంది. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లల్లో ఇది మరింత ఎక్కువ. శరీరం సీసాన్ని కాల్షియంలా భావించి ఎముకల్లో దాచుకుంటుంది. మెదడు ఎదుగుదలకు జరిగే నష్టం తిరిగి రాదు. హానిలేని మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

ఇది ఊహించిన భయం కాదు. సెనెగల్ రాజధాని డాకర్ శివార్లలో థియారోయ్ సుర్ మేర్ అనే పేటలో పాత బ్యాటరీలను పగలగొట్టి సీసం తీయడం ఒక ఉపాధిగా ఉండేది. 2007 నవంబరు, 2008 మార్చి మధ్య అక్కడ 18 మంది చిన్నపిల్లలు చనిపోయారు. పరిశోధనలో కారణం సీసమని తేలింది. వారిలో ఎవరూ బ్యాటరీలు తయారుచేసే ఫ్యాక్టరీలో లేరు. ఇళ్ల దగ్గరే ఉన్నారు.

మన దేశంలో ఈ సంగతిని జనం ముందుకు తెచ్చినవారిలో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల జీవరసాయన శాస్త్ర ఆచార్యుడు తుప్పిల్ వెంకటేశ్ ఒకరు. 1990ల చివర జార్జ్ ఫౌండేషన్ హైదరాబాద్ సహా పలు నగరాల్లో రక్త పరీక్షలు జరిపినప్పుడు, పరీక్షించిన 12 ఏళ్ల లోపు పిల్లల్లో సగానికి పైగా డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి సీసం కనిపించింది. అవి పెట్రోలులో సీసం కలిపే రోజులు. 2000లో ఆ పెట్రోలు దేశమంతటా ఆగిపోయింది. అయినా సమస్య తీరిపోలేదు. యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో విడుదల చేసిన నివేదిక ప్రకారం భారతదేశంలో సుమారు 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉండవచ్చని అంచనా. ప్రపంచంలో ఏటా వాడే సీసంలో దాదాపు 85 శాతం బ్యాటరీలకే పోతోంది.

చట్టం కూడా ఈ పనిని మామూలు పనిగా చూడలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో అధికారులకు తప్పనిసరిగా తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల జాబితా ఉండేది. దానిలో మొదటి పేరు సీసపు విషప్రభావం. ఆ చట్టం కింద రాష్ట్రాలు చేసిన నియమాల్లో బ్యాటరీల తయారీతో పాటు బ్యాటరీల మరమ్మతు కూడా ప్రమాదకర పనుల్లో చేరింది. పొగ లాగే యంత్రాలు, వైద్య పరీక్షలు, పనిచేసే గదిలో తిండి నిషేధం వంటి షరతులు పెట్టారు. ఇన్ని జాగ్రత్తల మధ్య చేయాల్సిన పనిని వంటింటి పొయ్యి మీదికి తేవడంలో ఆదా ఏముంది?

పాత బ్యాటరీని ఏం చేయాలి?

పోస్టు మెడ దగ్గర విరిగితే ముందు వారంటీ కార్డు చూడాలి. గడువు ముగిసిపోతే, బ్యాటరీ వయసు లెక్కలోకి తీసుకోవాలి. రెండేళ్ల లోపుదైతే పోత పోసే వసతి, గాలి వెలుతురు ఉన్న దుకాణంలో మరమ్మతు చేయించడంలో అర్థం ఉంది. నాలుగైదేళ్లదైతే పోస్టు నిలిచినా పలకలు నిలవవు. ఆ ఖర్చు దండగ.

పనికిరాని బ్యాటరీ కూడా విలువైనదే. దాని బరువులో సగానికి పైగా సీసమే. సీసాన్ని ఎన్నిసార్లు కరిగించి శుద్ధి చేసినా గుణం తగ్గదు. అందుకే కొత్తది కొనేటప్పుడు దుకాణదారు పాతదానికి ధర తగ్గిస్తాడు. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించి, నమోదైన రీసైక్లింగ్ కేంద్రాలకు చేర్చే బాధ్యత తయారీదారులది. వినియోగదారుడు వాటిని చెత్తలో కలపకుండా ఆ గొలుసులోకి అందించాలి. నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తానన్న వీధి పాతసామాన్ల వ్యాపారికి ఇస్తే, అది ఏ పేటలో, ఎవరి పిల్లల మధ్య పగులుతుందో మనకు తెలియదు. ఆమ్లాన్ని మురుగు కాలువలో పోసి ఖాళీ పెట్టె అమ్మడం ఇంకా తప్పు.

నెలకొకసారి బానెట్ ఎత్తి, బిగింపు పట్టీ గట్టిగా ఉందో లేదో, క్లాంపు కదులుతోందో లేదో, చిలుము మొదలైందో లేదో చూసుకుంటే ఈ మరమ్మతుల్లో చాలావాటి అవసరమే రాదు. సూరత్‌లోనైనా, సిరిసిల్లలోనైనా వానాకాలం మొదలయ్యే ముందు ఒకసారి సోడా నీళ్లు, గరుకు కాగితం, కాస్త జెల్లీతో చేసే అరగంట పని చాలు. అంతకు మించి సీసం కరిగించాల్సిన అవసరం వస్తే, బ్యాటరీని నిలువుగా పెట్టి, మొండెం మీద ఒక ప్లాస్టిక్ మూత తొడిగి, దుకాణానికి తీసుకెళ్లడమే ఇంట్లో చేయదగిన మరమ్మతు.